గుర్రాలు మార్చేలోపు

అమెరికాలో ఆల్బనీ పట్నానికి పోయే దారిలో పూటకూళ్ళ ఇల్లు నడిపే జోథమ్ పెక్‌కు ఒకటే జబ్బు, ప్రశ్నలు. బండి దిగిన మనిషి ఊరూ పేరూ, పెళ్ళీ పిల్లలూ, పోయే పనీ అన్నీ రాబట్టాకే పులుసు పోసేవాడు. చెప్పనంటే గరిటె గిన్నెలోనే ఉండిపోయేది. ఓ జడ్జిగారు మొండికేసి పస్తున్నారు. బండెక్కాక ఆకలికి తాళలేక, "మా అత్తగారిని చూడ్డానికయ్యా!" అని అరిచారు. జోథమ్ పరుగున వెళ్ళి కిటికీలోంచి రొట్టె అందించాడు.

టపా బండి తోలే రూబెన్‌కు ఇదంతా చూస్తే ఒళ్ళు మండేది.

"గుర్రాలు మార్చాను, బూర ఊదాను, నువ్వింకా వీళ్ళ తాతల దగ్గరే ఉన్నావా? టపా ఆలస్యమైతే మాటపడేది నేను!"

"అరవకు, గుర్రాలు బెదురుతాయి. ఇంతకీ మీ ఆవిడ మోకాలు ఎలా ఉంది?"

రూబెన్ పళ్ళు నూరుకునేవాడు.

మంచు జోరుగా కురుస్తున్న ఒక రోజు అతని బండిలోంచి చంటిబిడ్డతో కెజాయా అనే పిల్ల దిగింది. చలికి ఆమె పెదవులు నీలంగా మారాయి.

"ఎక్కడిదాకా అమ్మా?"

"ఆల్బనీ. మా ఆయన దగ్గరికి."

"రమ్మన్నాడా?"

బల్ల చుట్టూ అందరూ తలలు దించుకున్నారు. "ఇక చాలించవయ్యా!" అన్నాడు రూబెన్. సిగ్గుతో అతనికే చెవులు కాలాయి.

కెజాయా కళ్ళు నిండాయి. "ఆకులు రాలకముందు వెళ్ళాడు. కబురు లేదు. ఉన్నాడో, మమ్మల్ని వదిలేశాడో చూసుకుందామని."

"ఏం పని చేస్తాడు?"

"పీపాలు కడతాడు."

"ఎడమచేతి బొటనవేలు సగమే ఉంటుంది కదూ?"

ఆమె చేతిలో చెంచా జారిపోయింది.

"బండెక్కకు తల్లీ. నీ కోసమే పొద్దున ఇక్కడినుంచే ఎదురు బండిలో మీ ఊరు బయల్దేరాడు. ఇన్నాళ్ళూ జ్వరంతో మంచాన ఉన్నాడట. ఈ మాట చెప్పించడానికి వాడి బూట్లు దాచాల్సొచ్చింది."

కెజాయా బిడ్డను గుండెలకు హత్తుకుని ఏడ్చేసింది. రూబెన్ నీరుగారిపోయాడు. ఆ బండి దారిలో తనకు ఎదురైంది. మంచుకు రెండు బండ్ల తెరలూ దించి ఉన్నాయి. చేయి చాపితే అందేంత దగ్గరగా మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు దాటిపోయారు. తానేమో తొందరలో బూర ఊదుకుంటూ వచ్చేశాడు.

జోథమ్ అప్పటికే తన గుర్రానికి జీను బిగిస్తున్నాడు. "ఈ దారిన పోయేవాళ్ళలో సగంమంది ఎవరినో వెతుక్కుంటూ పోయేవాళ్ళే, రూబెన్. అందరూ దిగేది నా గుమ్మంలోనే. నేనడక్కపోతే ఎవరడుగుతారు?"

అంత భారీ మనిషి ఆ మంచులో తూర్పుకేసి గుర్రాన్ని పరిగెత్తించాడు.

రూబెన్ తిరుగు బండితో వచ్చేసరికి నూతి పక్కన సరికొత్త చెక్క తొట్టి కనిపించింది. పీపాలు కట్టి చేయి తిరిగినవాడి పని అది. బూర ఊదడం కూడా మరిచి లోపలికి పరిగెత్తాడు.

"దొరికాడా? ఏమన్నాడు? బిడ్డనెత్తుకున్నాడా? ఎప్పుడెళ్ళారు?"

"పరాయివాళ్ళ సంగతులు నీకెందుకయ్యా? టపా ఆలస్యమవుతుంది," అన్నాడు జోథమ్.

రూబెన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చెప్పేదాకా బండి కదలదు."

జోథమ్ గరిటె గిన్నెలోనే ఉంచి నవ్వాడు.

"చెప్తాను. ముందు మీ ఆవిడ మోకాలు ఎలా ఉందో చెప్పు."