పళ్లెం తిప్పిన మధ్యాహ్నం

మా మేడమ్ పోయారని మొన్న వార్డుకు ఫోను వచ్చింది. బాగా ఏడ్చాను, అబద్ధమెందుకు? కళ్లు తుడుచుకోగానే మాత్రం ఆవిడ పళ్లెం తిప్పిన మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఆ సంగతి చెప్పబోతే ఇప్పటికీ నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాదు!

పక్షవాతం వచ్చినవాళ్లకు చూపు, మాట, మతి ఎంత మిగిలాయో చూసి, మళ్లీ దారిలో పెట్టే సైకాలజిస్టులం మేము. నేను అప్పుడే చేరాను. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మేడమ్, రోగి ఇంటికెళ్లి అతను అన్నం తినడం చూస్తేగాని ఏమీ తేల్చేవారు కాదు. "మనిషి సంగతి కంచం దగ్గర తెలుస్తుందే" అనేవారు. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, "భయ్యా, గౌలిపుర ఆతారా లేదా?" అని వచ్చీరాని హిందీలో ఆవిడ రిక్షావాణ్ణి దబాయిస్తుంటే నవ్వాపుకోలేక చచ్చేదాన్ని.

ఆ రోజు వెళ్లింది ఒక పాలవాళ్ల ఇంటికి. పక్షవాతం వచ్చిన ముసలాయన భార్య మమ్మల్ని గుమ్మంలోనే అందుకుంది.

"ఏం జెప్పాలె మేడమ్! కోడలు వండిన కూర ముట్టడు, ఆమె మొకం సూడడు. లోపల మస్తు కోపమున్నది. బోనాలకు తల్లిగారింటికి తోలిస్త. మల్ల తెచ్చేది లేదు."

మామగారి ఎదుట నిలబడకూడదని ఆ కోడలు ఎప్పుడూ ఆయనకు ఎడమపక్కనున్న గడప దగ్గరే నిలబడి వడ్డించేది. కొంగు కింద ఒకటే ఏడుపు.

ముసలాయన పళ్లెంలో కుడివైపు అన్నం ఊడ్చినట్టు తినేశాడు. ఎడమవైపు కూర వేసింది వేసినట్టే ఉంది.

"బాపూ, కూర తినలేదేం?" అన్నారు మేడమ్.

"కూరేది? ఎవలేసిండ్రు?"

"ఇన్నరా!" అని అత్త నెత్తి కొట్టుకుంది.

మేడమ్ వంగి, పళ్లెం అటుది ఇటు తిప్పారు.

"అరె! వంకాయ!" అని ముసలాయన ఆవురావురుమంటూ తినేశాడు. నేను ఎగిరి గంతేశాను!

కళ్లు బాగానే ఉన్నాయి, జబ్బువల్ల ఎడమ అనేదే ఆయన మనసుకు లేకుండా పోయింది, ఇది కోపం కాదు అని మేడమ్ చెప్పారు.

"గట్లయితె కోడల్ని కుడి దిక్కు నిలవెడితె అయిపాయె గద!" అని అత్త అందుకుంది.

"వద్దమ్మా. ఆ పిల్ల ఎక్కడికీ జరగదు. జరగాల్సింది ఈయన చూపు. బోనాలదాకా ఆగండి."

"సూద్దాం. నాకైతె నమ్మకం లేదు" అంది అత్త.

మేడమ్ ఆయన ఎడమచేతికి ఎర్ర రుమాలు కట్టారు. మేం వెళ్లినప్పుడల్లా, దాన్ని వెతికి చూశాకే ముద్ద. "ఇంకొంచెం ఎడమకి, బాపూ! రండి రండి!" అంటూ, బస్సును వెనక్కి తీయించే కండక్టరులా ఆవిడ ఒకటే కేకలు. "మస్తు సతాయిస్తవ్ బిడ్డా" అని ఆయన గొణిగేవాడు. దొరికినప్పుడల్లా మేం కొట్టే చప్పట్లకు కొట్టంలో బర్రెలు బెదిరేవి. ఇవాళ ఏ రోగి దగ్గర నాకు దిక్కు తోచకపోయినా, ముందు పళ్లెం తిప్పి చూస్తాను. అది ఆవిడ పెట్టిన భిక్షే.

బోనాలు రానే వచ్చాయి. కోడలి పెట్టె సర్ది గడప దగ్గర పెట్టేశారు. అయినా కోడలు ఎప్పటిలా ఆ పక్కనే నిలబడి పులుసు వడ్డిస్తోంది. ముసలాయన రుమాలు వెతికాడు, దొరికింది. కానీ ఆగలేదు! చూపు చేతిని దాటి, పెట్టెను దాటి, గడపదాకా పోయింది.

"ఏంది బిడ్డా, గీడున్నవా? ఇన్నొద్దులు యాడికి వోయినవ్?"

"ఈడనే ఉన్న మామా" అంది ఆ పిల్ల.

అత్త పెట్టె లోపలికి తీసుకెళ్లింది. మేడమ్ తల వంచుకుని చేతిసంచీలో ఏదో తెగ వెతికారు. కోడలి చేతిలో గరిటె ఒరిగిపోయి, పులుసు గడప మీద కారుతూనే ఉంది.