అన్న జాడీకి మూత

ఆ వీధిలో అందరూ అతన్ని మూతలాయన అనేవాళ్లు. అన్న కుమ్మరి సారె మీద జాడీలు తీస్తే, వాటికి ఇతను మూతలు చేసేవాడు. టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లు అదే పని. అందులో చివరి పదకొండేళ్లు ఇద్దరికీ మాటల్లేవు. తండ్రి తిప్పిన పాత సారెను తనతో ఒక్క మాటైనా అనకుండా పీకేసి, అన్న మోటారు సారె తెచ్చాడని ఇతని కోపం. అన్న ఇంకా కాల్చని పచ్చి జాడీని బల్ల మీద పెట్టి వెళ్లేవాడు. ఇతను మూతి కొలుచుకుని మూత చేసేవాడు. ఒక్కటీ వదులుగా వచ్చింది లేదు.

నిరుడు వానల్లో అన్న జ్వరంతో పోయాడు. పోకముందు ఇతను ఆసుపత్రి మెట్ల దాకా వెళ్లి, ఏమని పలకరించాలో తోచక తిరిగొచ్చాడు.

తర్వాత మోటారు సారె ముందు తనే కూర్చున్నాడు. వచ్చిన జాడీల్లో ఒకటి కుంటిదైతే ఇంకోటి గూనిది. మాట్లాడని అన్నదే అయినా, రోజూ ఒక దగ్గు వినపడేది. ఇప్పుడదీ లేదు.

ఒక మధ్యాహ్నం రిటైరైన నర్సు ఒకావిడ సంచిలో జాడీ పెట్టుకుని వచ్చింది.

"మూత జారి పగిలింది బాబూ. సరిపడేది చేసిపెడతావా?"

జాడీ అన్న చేసిందే. మూతి లోపల తడిమితే అన్న బొటనవేలు నొక్కిన పల్లం తగిలింది.

"చేస్తానమ్మా. జాడీ ఎప్పుడో బట్టీలో కాలింది, మూతేమో పచ్చిమట్టి. కాలేసరికి ఎంత కుంచించుకుపోతుందో. మూడు చేస్తాను, ఏదో ఒకటి కూర్చోకపోదు."

"మూడెందుకు? జాడీ కొన్నప్పుడు మీ అన్నయ్య అలా అనలేదే. 'మూత గురించి బెంగ పెట్టుకోకండి, మా తమ్ముడి చెయ్యి తప్పదు' అన్నాడు."

"ఎప్పుడన్నాడమ్మా?"

"నేను రిటైరైన ఏడాది. నాలుగేళ్లవుతోంది."

మాటల్లేని రోజుల్లోనే. అతను తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. ఆరిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

మూత ఒక్కటే చేశాడు. వారం తర్వాత ఆవిడ మూసి చూసి, "అచ్చం పాతదే" అని సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. షెడ్డులో మళ్లీ తనొక్కడే.

ఆ సాయంత్రం తాళం వేసి వదిన ఇంటికి నడిచాడు. అన్న పోయిన రోజున కూడా వాకిట్లోనే నిలబడి వచ్చేసిన ఇల్లు. వదిన తలుపు తీసి, గడప ఇవతలున్న మనిషిని చూసింది.

"చెప్పులు లోపల విడువు. బయట కుక్క ఎత్తుకుపోతుంది" అంది.