గార్డు పెట్టించని కారు

బండి గట్టిదా కాదా అన్నది మా మరిది గుద్ది తేలుస్తాడు. కామారెడ్డిలో కోడలి కొత్త కారుకు పూజ కాగానే బానెట్ మీద ఒక గుద్దు గుద్దాడు. రేకు లోపలికి పోయి మళ్లీ లేచింది.

"రేకుడబ్బా గదా వదినె. వెల్డింగ్ షాపుకు తీస్కపోయి ముంగట ఇనుప గార్డు పెట్టిస్త."

మా దగ్గర కొబ్బరికాయ కొట్టగానే కొత్త బండ్లు పోయేది అక్కడికే. కోడలు తాళంచెవి ఇవ్వలేదు.

"వద్దు చిన్నమామా. ముంగటి భాగం నలగడానికే చేసిండ్రు. అది నలిగితే దెబ్బ మన దాకా రాదు."

"నలిగే బండిని పైసలు పెట్టి కొన్నవా బిడ్డా?"

అతను నవ్వాడు, నేను నవ్వలేదు. మా ఆయన పాత జీపు కింద మందపాటి ఇనుప చట్రం ఉండేది. ఎల్లారెడ్డి దారిలో ఆయన కల్వర్టు గోడను గుద్దితే బంపర్ మీద గీత పడింది, అంతే. మరిది అదే జీపు నడుపుకుంటూ ఇంటికొచ్చాడు. స్టీరింగ్ ఛాతీకి కొట్టుకుని మా ఆయనకు పక్కటెముకలు విరిగాయి. ఆ తర్వాత ఆయన నిండు బకెట్ ఎత్తింది లేదు. ఊరు మాత్రం జీపును మెచ్చుకుంది.

కోడలు ఎల్లారెడ్డిలో నర్సు. వానాకాలంలో ఒక పొద్దున డ్యూటీకి పోతుంటే పొలంలోంచి ట్రాక్టర్ హఠాత్తుగా రోడ్డెక్కింది. కారు కుడి ముక్కు ట్రాలీకి తగిలింది. ఫోన్ తనే చేసింది. మేం పోయేసరికి రోడ్డు పక్కన నిలబడి ఉంది. సీటు బెల్టు పట్టిన చోట భుజం కమిలింది, అంతకు మించి దెబ్బ లేదు.

మరిది కారు చుట్టూ తిరిగాడు. "ఇగ బస్సుల పో బిడ్డా. దీన్ని అమ్మేద్దాం."

మా ఆయన చనిపోయాక మా ఇంట్లో మరిది మాటే చెల్లుతోంది. నేను సంచిలోంచి కుట్టు టేపు తీశాను.

"ఏం కొలుస్తున్నవ్ వదినె, జాకెట్ కుడతవా దీనికి?"

ముందద్దం నుంచి ముక్కు దాకా రెండు వైపులా కొలిచాను. కుడివైపు జానెడు తగ్గింది. తర్వాత ముందు తలుపుల చట్రాలు కొలిచాను. రెండూ సమానం. డ్రైవర్ తలుపు ఒక్క వేలితో తెరుచుకుంది.

"ముంగట జానెడు పోయింది. మనిషి కూసునే కాడ నూలుపోగంత పోలే. జీపు మీ అన్నను గిట్ల కాపాడిందా? పిల్ల ఇదే నడుపుతది."

మరిది ఆ తలుపును మూసి, మళ్లీ తీసి చూశాడు. బస్సు మాట ఎత్తలేదు.

నలిగినవన్నీ కొత్తవి వేయించాం. మా కోడలు నర్సని చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఎల్లారెడ్డికి కారు నడుపుకుంటూ పోతుందని ముందు చెబుతాను, నర్సని తర్వాత.