డెబ్బై ఎనిమిది మంది ఉన్నారన్న ఫొటో

మా అమ్మాయి చదివే రెండో తరగతి టీచరును పిల్లలంతా చప్పట్ల టీచర్ అంటారు. పదకొండేళ్లు అరిచి అరిచి ఆవిడ గొంతు బొంగురుపోయింది. గట్టిగా మాట్లాడొద్దని డాక్టరు చెప్పినప్పటి నుంచి రెండు చప్పట్లు కొడితే కూర్చోవాలి, మూడు కొడితే నోటుపుస్తకం ఎత్తి చూపించాలి. తరగతిలో డెబ్బై ఎనిమిది మంది. నలభై నిమిషాల పీరియడ్‌ను భాగిస్తే బిడ్డకు ముప్ఫై సెకన్లు. అంతసేపట్లో నేను ల్యాబ్‌లో ఒక పరీక్షనాళిక కూడా సరిగ్గా కడగలేను.

పది గంటల్లోగా యాప్‌లో హాజరు ఎక్కకపోతే పిల్లలతోపాటు టీచరు కూడా రానట్టే లెక్క. యాప్ మాత్రం వారానికోసారైనా పడుకుంటుంది. అలాంటప్పుడు బోర్డు మీద తేదీ, పిల్లల సంఖ్య రాసి, తరగతిని ఫొటో తీసి, విద్యాశాఖ వారి సోషల్ మీడియా పేజీలో పెట్టడం టీచర్లకు అలవాటైంది. "సాక్ష్యంగా ఉంటుంది" అని హెడ్మాస్టరే నేర్పాడు.

మొన్న మంగళవారం యాప్ మళ్లీ మూగబోయింది. పదింపావుకు ల్యాబ్‌లో నా ఫోన్లో ఆ ఫొటో కనిపించింది. బోర్డు మీద డెబ్బై ఎనిమిది. పెద్దది చేసి రెండుసార్లు లెక్కపెట్టాను. అరవై నాలుగు తలలే ఉన్నాయి. వాటిలో మా పాప లేదు.

బడికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఫొటో కింద రాసేశాను: "పద్నాలుగు మంది తక్కువ. మా పాప ఏది?"

స్కూటర్ మీద బడికి చేరేసరికి దాని కింద నలభై జవాబులు. దొంగ హాజరట. జీతానికి మాత్రం ముందుంటారట.

మా పాప వరండాలో కింద కూర్చుని ఒళ్లో పుస్తకం పెట్టుకుని రాస్తోంది. దాని పక్కన ఇంకో పదమూడు మంది.

"అమ్మా, ఇవాళ మా వరుస వంతు! ఇక్కడ గాలొస్తుంది, తెలుసా?"

టీచర్ ఒక కాలు గదిలో, ఒక కాలు వరండాలో పెట్టి గుమ్మంలో నిలబడి రెండువైపులా పాఠం చెబుతోంది. అంతలో హెడ్మాస్టరు ఫోన్ పట్టుకుని పరుగున వచ్చాడు.

"కొంప ముంచావు కదమ్మా! పైనుంచి ఒకటే ఫోన్లు. ముందా ఫొటో తీసెయ్."

"తీసేస్తే ఇవాళ నేను రానట్టే కదండీ. వీళ్లూ రానట్టే. పెట్టమన్నది మీరే."

"పెట్టమన్నాను. బల్లకు ఐదుగురు కనబడేలా పెట్టమన్నానా? కాస్త పక్కకు జరిగి తీయొచ్చుగా!"

"ఎక్కడికి జరగమంటారు? జరిగే చోటే ఉంటే వీళ్లని కూర్చోబెట్టేదాన్ని."

తర్వాత నా వైపు తిరిగింది. "లెక్క బాగానే పెట్టారమ్మా. ఈ పద్నాలుగూ కూడా కలపండి."

తల కొట్టేసినట్టయింది. అక్కడే నిలబడి వరండా ఫొటో తీసి పేజీలో పెట్టాను: "పిల్లలందరూ ఉన్నారు. గదే చాలలేదు. నేను రాసింది తప్పు."

"మీరూ మొదలెట్టారా తల్లీ!" అని హెడ్మాస్టరు నెత్తి పట్టుకున్నాడు.

నా మొదటి మాటను సాయంత్రానికల్లా మూడు వందల మంది పంచుకున్నారు. దిద్దుబాటును నలుగురు చూశారు. మర్నాడు టీచర్‌కు మెమో వచ్చింది: బడి వేళల్లో సోషల్ మీడియా వాడినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేదంటే సస్పెన్షన్. గది గురించి అందులో ఒక్క ముక్క లేదు. మాటిమాటికీ పడుకునే యాప్‌ను సంజాయిషీ అడిగిన మొనగాడూ లేడు.

ఒంటికి కారం రాసుకున్నట్టుంది నాకు. వాళ్ల మీద ఎంత మండుతోందో నా మీదా అంతే మండుతోంది. ఆవిడ మీద దొంగ అన్న ముద్ర పడటం నా వేలితోనే మొదలైంది. అందుకే ఆ సంజాయిషీ ఆవిడ ఒక్కతే ఇవ్వడానికి వీల్లేదు. రేపు పదింటికి విద్యాశాఖ ఆఫీసులో నేనుంటాను. వరండా వరుస పిల్లల తల్లుల్లో ఇంకో ఎనిమిది మంది వస్తామన్నారు. ఐదుగురు ఇంకా బదులివ్వలేదు. వాళ్ల ఇళ్లకే బయల్దేరుతున్నాను.