సుత్తి చప్పుడూ, మూడో వరస ఫిడేలూ

మా ఫిడేళ్ల బృందంలో ఆయన్ని అందరం మూడో వరస అంటాం. ఇరవై రెండేళ్లుగా రికార్డింగు స్టూడియోలో మూడో వరస, తలుపు పక్క కుర్చీ ఆయనది. దాని పక్కది నాది. నోట్సు పెట్టుకునే స్టాండు ఇద్దరికీ ఒకటే. కాగితం తిప్పే పని నాది, తిప్పడం ఆలస్యమైతే మోకాలితో పొడిచే పని ఆయనది.

వాయించడంలో వంక పెట్టలేం. ఒక్కటే లోపం: కమాను తీగ మీద వెయ్యబోయే ముందు ముక్కుతో సర్రుమని గాలి పీలుస్తాడు. అద్దం వెనకనుంచి సౌండు ఇంజనీరు "ఎవరయ్యా ఆ ముక్కు?" అంటాడు. ముప్పై మందిమీ తల వంచి నోట్సులోకి చూస్తాం. ఆయన అందరికంటే శ్రద్ధగా చూస్తాడు. మళ్లీ మొదటినుంచీ వాయిస్తాం.

ఓ తమిళ సినిమాకి నాలుగు రోజులు పిలిచినప్పుడూ ఇదే వరస. కొట్లాటల సినిమా. మాలో తమిళం వచ్చినవాళ్లు లేరు గాని, తన్నులకి భాషేముంది? మాకు బొమ్మ చూపించరు. చెవుల్లో తాళం టిక్కుటిక్కుమంటుంటే ముక్కలు ముక్కలుగా వాయించి లేచిపోతాం. ఏ ముక్క ఎవడి వీపు మీద పడిందో హాల్లో చూస్తేగాని తెలీదు. ఆ నాలుగు రోజుల్లో ఒక్క ముక్క దగ్గర మాత్రం ఇంజనీరు ముక్కు మాట ఎత్తలేదు. మూడో వరసకి జలుబు తగ్గిందనుకున్నాం.

రెండో రోజు ఓ కుర్చీ కాలు ఊడింది. "మా తోడల్లుడు వడ్రంగి, పిలవనా?" అన్నది మూడో వరసే. ఆ మాటకి తర్వాత ఎన్నిసార్లు నాలిక కరుచుకున్నాడో. తోడల్లుడు వచ్చాడు, చెవి మీద పెన్సిలు, చేతిలో కొయ్య సుత్తి. కాలు బిగిస్తూ టక్, టకటక్ అని కొడుతుంటే సంగీత దర్శకుడు టీ కప్పుతో అటుగా వచ్చి ఆగిపోయాడు.

"ఇంకోసారి కొట్టు," అన్నాడు.

పావుగంటలో వడ్రంగి మైకు ముందున్నాడు.

సినిమా వచ్చింది. హీరో నడిస్తే టకటక్, చెయ్యెత్తితే టకటక్. నెల తిరిగేసరికి బడి బెంచీల మీద అదే, ఫోన్లలో అదే. కూతురు పళ్లెం మీద అదే మోగిస్తుంటే మూడో వరస ఇంట్లో చెంచాలన్నీ దాచేశాడు. పైగా చివర పేర్లు వేసేచోట తోడల్లుడి పేరు విడిగా, పెద్దక్షరాల్లో ఉందట. మా ముప్పై మందికీ కలిపి "ఫిడేళ్ల బృందం".

"బృందమంటే నేను కూడానే కదా," అన్నాడు నాతో.

"నేను కూడా," అన్నాను.

"నువ్వు ఊరుకో."

అంతవరకు సర్దుకున్నాడు పాపం. కాని అత్తగారు ఫోను చేసి, చిన్నల్లుడి గొప్ప అరగంట చెప్పి, "మీది ఎక్కడ వినిపిస్తుంది బాబూ?" అని అడిగింది. పక్కన భార్య చెవి ఇటే ఉంది. కడుపుమంట కొద్దీ సినిమా చూడనే లేదు మనిషి. పోస్టరు మీద గొడ్డలి గుర్తొచ్చి, "హీరో గొడ్డలి ఎత్తేముందు ఫిడేలు వస్తుంది చూడండి, అది నేనొక్కణ్నే వాయించాను," అనేశాడు.

"అయితే ఆదివారం అందరం వెళ్దాం," అంది అత్తగారు.

సాక్ష్యానికి నన్ను తీసుకెళ్లాడు. "నువ్వు మాట్లాడక్కర్లేదు, తలూపు చాలు," అన్నాడు.

టకటక్ వచ్చినప్పుడల్లా హాల్లో కాళ్లన్నీ తాళం వేస్తున్నాయి. అత్తగారు చిన్నల్లుడి భుజం తడుతోంది. "నాదేముంది అత్తయ్యా, మేకులు కొట్టుకునేవాణ్ని," అంటున్నాడతను. ఆ అణకువకి మావాడి పళ్లు పటపటమన్నాయి.

చివరి కొట్లాట వచ్చింది. చుట్టూ ఇరవైమంది, మధ్యలో హీరో, నేల మీద గొడ్డలి. హీరో వంగాడు. అప్పుడు సంగీతమంతా టక్కున ఆగిపోయింది. ఫిడేలు లేదు, సుత్తి లేదు. భార్య మెల్లిగా ఇటు తిరిగింది. నేను తల ఎప్పుడు ఊపాలో తెలీక బిగుసుకుపోయాను.

తెర నిండా హీరో ముక్కు. ఆ నిశ్శబ్దంలో సర్రుమని ఒక ఊపిరి. ఆ వెంటనే గొడ్డలి లేచింది, హాలంతా లేచి ఈలలు.

"ఏమండీ," అంది భార్య, "అది మీ ముక్కు."

"ఛ, హీరోది."

"పెళ్లైనప్పట్నుంచీ రోజూ పొద్దున్నే వింటున్నాను. ముందు ముక్కు, వెనకాల ఫిడేలు. నాకు తెలీదా?"

"మరి ఫిడేలేదే?" అంది అత్తగారు.

మావాడు తెరకేసి చూశాడు. చూసి, "వాళ్లకి ముందుదే నచ్చినట్టుంది అత్తయ్యా," అన్నాడు. నన్ను అడక్కుండానే తలూపాను.

వడ్రంగి నలుగురి ఒళ్ల మీదుగా వంగాడు. "నిజమా అన్నయ్యా? నా చప్పుడుకి కూచునే కాళ్లాడించారు. నీ ఊపిరికి లేచి నిలబడ్డారు," అన్నాడు. అనేసి, చెవి మీది పెన్సిలు తీసి జేబులో దాచుకున్నాడు.

మర్నాడు స్టూడియోలో ఇంజనీరు "ఎవరయ్యా ఆ ముక్కు?" అనగానే మూడో వరస కమాను పైకెత్తి, "నాదేనండి," అన్నాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. నా కళ్లు మాత్రం నోట్సులోనే ఉన్నాయి.

ఆ వారమే ఆ సినిమాకి ఒక్కణ్నే మళ్లీ వెళ్లాను. నేను కాగితం తిప్పిన చప్పుడు ఎక్కడైనా మిగిలిందేమోనని, చివరి పేర్లు అయిపోయేదాకా చెవి ఒగ్గి కూచున్నాను. ఒక్కటీ లేదు.