సీమ ఎలుక గోళ్లు

ఇరవై ఏళ్లకే వైధవ్యం ప్రాప్తించి, తల ముండనమై, మా మేనత్త వనపర్తిలోని మా ఇంటికి వచ్చింది. ఆమె పెట్టెలో దంతపు దువ్వెన ఒకటి ఉండేది. అప్పుడప్పుడు తీసి తుడిచి మళ్లీ పెట్టేది.

ఒక ఏడు మా నాయనగారు గద్వాలలో పండిత సన్మానం అందుకొని వస్తూ గంపలో ఒక సీమ ఎలుకను తెచ్చారు. ఇప్పటివారు దానిని గినీపిగ్ అంటారు. తోక లేదు; తెల్లని వెంట్రుకలు నేలను ఊడ్చేవి. రెండు రోజులు దువ్వకపోతే ఉండలు కట్టేవి. అత్త దువ్వెనకు ఆ విధంగా పని దొరికింది. మధ్యాహ్నం దానిని ఒడిలో వేసుకొని, చిక్కు వేళ్లతో విడదీసి, వెంట్రుక మొదలు అదిమిపట్టి కొసనుండి మెల్లగా దువ్వేది. తోటకూర కాడ విరిచిన చప్పుడుకే అది ఈలవేసినట్టు కూసేది. అత్త నవ్వేది. ఆమె నవ్వును మేము అంతకుముందు ఎరుగము.

గోళ్లు మాత్రం, నెలకొకసారి ఆమె తల గొరగడానికి వచ్చే వృద్ధ క్షురకుడే తీసేవాడు. దానిని పంచెలో చుట్టి, పాదాన్ని ఎండకు ఎత్తి, గోటిలో నెత్తురు పారే ఎర్రని జీవరేఖకు ఇవతలే కోసేవాడు. ఒక వేసవిలో అతడు జబ్బుపడి రెండు నెలలు రాలేదు. బదులు వచ్చిన తమ్ముడు ఆ ప్రాణిని ముట్టడానికి జంకాడు. వృద్ధుడు కోలుకొని వచ్చిన ఉదయమే, నాగర్‌కర్నూలులో మా దాయాది ఒకరు పోయినట్లు వార్త అందింది. ఇంటికి పదిరోజుల మైల.

నేనప్పుడు ధర్మశాస్త్రం చదువుతున్న ఇరవై రెండేళ్లవాడను. ఇంటి విధినిషేధాలు నేనే చెప్పేవాడను.

"ఎనక కాలి గోరు వంకర తిరిగింది, అయ్యగారూ. అరికాల్ల దిగుతది. జర తియ్యనియ్యుండ్రి" అన్నాడు వృద్ధ క్షురకుడు.

"మైలలో ఈ ఇంట గోళ్లు తీయరాదు."

"దాయాది సచ్చింది మీకా, ఎల్కకా? గట్లయితే దీనికొక జంద్యం గూడ ఎయ్యుండ్రి!"

అత్త నవ్వలేదు. "నోరులేని జీవం, నాయినా. నా తల పదినాళ్లు ఆగుతది. దాని కాలు ఆగదురా."

"ఇంట ఉన్న ప్రాణికీ ఇంటి మైలే" అన్నాను. ఆ మాటకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడవనాడు బావి దగ్గర గరగర చప్పుడు వినబడింది. అత్త దాని పాదం పట్టుకొని గరుకు బండమీద గోరు రాస్తోంది.

"అరగదీయడమూ తీయడమే అత్తా" అన్నాను.

ఆమె నా వంక చూసి, దానిని కింద విడిచిపెట్టింది.

పదకొండవనాడు క్షురకుడు వచ్చాడు. అత్త తలపై వెంట్రుకలు నల్లగా మొలిచి ఉన్నాయి. "ముందు దానికి" అంది. గోరు అరికాలిలో పూర్తిగా దిగిపోయింది. లాగితే చీము వచ్చింది. పసుపు అద్దారు. మరి రెండు రోజులకు తోటకూర కాడ విరిచినా అది కూయలేదు.

పూడ్చేముందు అత్త దానిని నఖశిఖ పర్యంతం దువ్వింది. దువ్వెన నా భార్య చేతిలో పెట్టింది. "నువ్వు దువ్వుకో, బిడ్డా."

నన్ను ఎన్నడూ నిందించలేదు. అయితే ఆనాటినుండి కడదాకా, తన గోళ్లు తీయించుకునే ప్రతిసారీ నా గది వాకిట నిలిచి అడిగేది:

"ఇయ్యాల తీయొచ్చునా, నాయినా?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉండేది కాదు. తీయవచ్చునని చెప్పడానికి నోరు తెరిచేలోగా, బావి దగ్గర బండమీద గోరు రాపిడి నాకు వినబడేది.