ముత్తమ్మ అన్నదొకటి, నేను చెప్పిందొకటి

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండు ముక్కల మాట. కానీ ఎవరైనా నన్ను మంచిదన్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నా ముఖం చూడలేరు.

ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుని. పుండ్లకు కట్లు కట్టడం నా పని. పన్నెండేళ్ళు ఆ కట్ల గదిలో నాదే రాజ్యం. పామేడు అవతలి అడవి ఊళ్ళ నుంచి దోర్ల ఆదివాసులు నడిచి వచ్చి నా పేరే అడిగేవారు. వాళ్ళ దోర్లీ భాష నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. నా హస్తవాసి మంచిదనేవారు. దాంతో కాస్త తల తిరిగిన మాటా నిజమే.

అప్పుడు స్వాతి వచ్చింది. కిరండూల్ గనుల కాలనీలో పుట్టి పెరిగిన ఆంధ్రావాళ్ళ అమ్మాయి. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. ఎక్కడో శిక్షణ పొంది వచ్చి, డాక్టరుతో కొత్త రకం పట్టీలు తెప్పించింది. కైటోసాన్ పట్టీలట. రొయ్యల పెంకుల నుంచి, పీతల పెంకుల నుంచి తీసిన పదార్థం. రక్తాన్ని ఆపుతుందని, పుండును తడిగా ఉంచి కొత్త కండ పట్టేలా చేస్తుందని, విప్పేటప్పుడు చర్మాన్ని పీకదని చెప్పింది. కూర వండుకునేదాన్ని కాలికి కడతావా తల్లీ అని ఎగతాళి చేశాను. ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. నేను నాలుగు నెలలు కట్టినా మానని ఒక ముసలాయన పుండు, ఆమె చేతిలో నెల తిరిగేసరికి పూడింది. డాక్టరు అందరినీ పిలిచి చూపించారు. చూసి సంతోషపడాల్సింది కదా? నాకు కడుపు మండిపోయింది. మరుసటి వారం ఆ ముసలాయన నన్ను దాటుకుని లోపలికి వెళ్ళి, చిన్న సిస్టరు ఏదని అడిగాడు.

ఆ మంట చల్లారకముందే ముత్తమ్మ అనే దోర్ల ఆవిడ వచ్చింది. ఇప్పపూలు ఏరుతుంటే మోడు గుచ్చుకుని కుడి పాదం మీద పుండు పడింది. షుగరు కూడా ఉంది. రొయ్యలు, పీతలు పడనివాళ్ళకు ఆ పట్టీ వేసే విషయంలో జాగ్రత్తగా ఉండాలి. స్వాతికి దోర్లీ రాదు. నన్ను పిలిచింది.

"అక్కా, పీతలు గానీ రొయ్యలు గానీ తింటే ఆవిడ ఒంటికి పడదేమో కాస్త అడుగుతావా?"

అడిగాను. సరిగ్గానే అడిగాను. ముత్తమ్మ అంత నొప్పిలోనూ పకపకా నవ్వింది.

"ఎండ్రకాయలు పడకపోవుడేంది? వానకాలమంత మేం తినేది అవే గదా!" అని తన భాషలో అంది.

"ఏమందక్కా?"

"పడదంటున్నది. తింటే ఒళ్ళంత దద్దుర్లు లేస్తయంట."

"అయ్యో! అడగడం మంచిదైంది. నువ్వు లేకపోతే ఏం చేసేదాన్నో."

అని స్వాతి, పీతలూ రొయ్యలూ పడవని ఫైలు మీద ఎర్ర సిరాతో రాసింది. చేతిలో ఉన్న పట్టీని డబ్బాలో పెట్టేసి, కేసు నాకు అప్పగించింది.

ఎందుకలా అన్నాను? ముత్తమ్మ మీద నాకేం కోపం? ఏమీ లేదు. నాకు కావలసింది నా దూదితో, నా గాజుగుడ్డతో మానే ఒక్క పుండు. దాన్ని డాక్టరు అందరినీ పిలిచి చూపించాలి. స్వాతి పక్కన నిలబడి చూడాలి. అంతకుమించి ఆలోచించలేదు, ఆలోచించి ఉంటే మాత్రం ఆగేదాన్నా అంటే, ఆ రోజుల్లో నా మనసు ఉన్న తీరుకి, ఆగేదాన్నని ఒట్టేసి చెప్పలేను.

కట్టిన గుడ్డ పుండుకు అతుక్కుని ఎండిపోయేది. విప్పిన ప్రతిసారీ వచ్చిన కాస్త కొత్త తోలూ దాంతో ఊడొచ్చేది. ముత్తమ్మ పంటి బిగువున ఓర్చుకుంటూ నా మణికట్టు పట్టుకునేది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? నేనే సరిగా వినలేదని బుకాయించినా పోయేది. చెప్పలేదు. పుండు ముదిరి చివరికి జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి పంపారు. రెండు వేళ్ళు తీసేశారు.

ఆ పట్టీ వేస్తే వేళ్ళు దక్కేవని ఎవరూ గట్టిగా చెప్పలేరు. షుగరు ఉంది, ఆలస్యంగా వచ్చింది. ఈ మాట చాటునే ఇన్నాళ్ళూ దాక్కున్నాను.

స్వాతి బదిలీ మీద వెళ్ళిపోయింది. ఈ ఏడాది ముత్తమ్మ మళ్ళీ వచ్చింది, ఈసారి ఎడమ కాలికి పుండు. కొత్త డాక్టరు ఫైలు తిరగేసి, ఎర్ర సిరా చూసి, కైటోసాన్ వద్దన్నారు. అప్పుడు నోరు తెరిచాను. ఆమె పీతలు తింటుంది సార్, రాసింది తప్పు అన్నాను. ఎవరు రాశారని అడిగారు. పాత సిస్టరు సార్, భాష రాని పిల్ల అన్నాను. ఎంత నిర్లక్ష్యమని ఆయన స్వాతిని తిట్టారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ తిట్లు నాకు తియ్యగా వినిపించాయి. నన్ను అక్కా అని తప్ప పిలవని మనిషి మీద, ఆరేళ్ళ తర్వాత కూడా.

ఎడమ కాలు మానింది. ఆ పట్టీలు నేనే వేశాను. కండ పూడుతుంటే ప్రతిసారీ చూడాల్సి వచ్చింది, పక్కనే మూడు వేళ్ళ కుడి పాదాన్ని కూడా. ఆఖరి రోజు ముత్తమ్మ నా గడ్డం పట్టుకుని, నువ్వు లేకపోతే నా మాట వీళ్ళకెవరు చెబుతారు బిడ్డా అంది. నేను తలూపాను.

ముత్తమ్మ నిజం చెప్పింది. స్వాతి విన్నది విన్నట్టు రాసింది. అబద్ధం ఆడింది నేను. ఈ మాట ఇంతవరకు ఏ భాషలోనూ, ఎవరితోనూ అనలేదు. క్షమించమని అడగడం లేదు. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది.